కాగితంలో ఉన్నట్టే

ముక్కాయన చేతిలోని గాజుగ్లాసు ఇంచార్జి తీసుకుని అందులోని నీళ్ళు కాలవలో పారబోశాడు. లాక్కోలేదు. మర్యాదగానే తీసుకున్నాడు. అదే ముక్కాయనకి ఎక్కువ మండింది.

అవి తాగే నీళ్ళు కావు. జలాశయం నుంచి వచ్చిన నీరు ఇసుక దాటి, దారపు ఫిల్టర్లు దాటి, పన్నెండు పొడుగాటి తెల్ల గొట్టాల్లోకి పోతుంది. ఒక్కో గొట్టంలో ఆరేసి మెంబ్రేన్లు, చాప చుట్టినట్టు చుట్టిన సన్నటి పొరలు. పొరను దాటిన నీరు ఊళ్ళో కుళాయిలకి పోతుంది. దాటలేని మురికి కొంత కాలవలోకి పోతుంది, కొంత పొరకే అంటుకుంటుంది. ఆ అంటుకునేదాంతోనే ముక్కాయనకి ఇరవై రెండేళ్ళుగా పోరు. పూటకోసారి కాలవ మూతి దగ్గర గ్లాసు పట్టి, వెలుతురుకెత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది పాచి, ఇది తుప్పు, ఇది సున్నం అని చెప్పేవాడు. రెండు రోజుల తర్వాత ల్యాబు వాళ్ళూ అదే మాట అనేవారు. అసలు పేరుతో ఆయన్ని పిలిచేవాళ్ళు ప్లాంటులో ఎవరూ మిగల్లేదు.

షిఫ్టు మారే వేళ. ఆపరేటర్లు ఆరుగురూ నిలబడి ఉన్నారు. ఇంచార్జి వచ్చి నెల కూడా కాలేదు, వయసు ముప్ఫై దాటలేదు. లాగ్‌బుక్ తెరిచి ముక్కాయన చేతిరాత పైకి చదివాడు. "పది గంటలకి పడుకోబెట్టాను. రెండింటికి పడుకోబెట్టాను." చదివి తలెత్తి, ఎవర్ని పడుకోబెట్టారండీ అని అడిగాడు.

అందరూ నవ్వారు. ముక్కాయన భార్య తమ్ముడు కూడా నవ్వాడు. ఎక్కువ కాదు, పెదవి కొనతో. ముక్కాయన అది చూశాడు.

మెంబ్రేన్లనండీ అని ముక్కాయన చెప్పాడు. పంపు ఆపి, వడకట్టిన మంచినీళ్ళే లోపలికి వదిలి, పావుగంట కదపకుండా ఉంచితే పొరకంటిన జిగురు వదులవుతుంది, మళ్ళీ పంపు వెయ్యగానే కొట్టుకుపోతుంది, ఇది జలాశయం నీరు కాబట్టి వచ్చేదంతా పాచే, ప్రెషరు పెంచి నెట్టుకుంటూ పోతే ఆ పాచి పొరలోకి ఇంకా కూరుకుంటుంది. ఇంత పొడుగు మాట ఆయన ఏడాదికోసారి కూడా మాట్లాడడు. ఇంచార్జి చివరిదాకా విన్నాడు. విని, రోజుకి ఆరుసార్లు పావుగంట అంటే గంటన్నర అనీ, గంటన్నర పాటు ఊరికి నీళ్ళు ఆపే హక్కు మనకెవరిచ్చారనీ అడిగాడు.

"ముక్కుతో నడిపే రోజులు పోయాయండీ. మీరు కాస్త స్టోరు చూసుకోండి. ఈ గదిలోకి ఇక రావద్దండి, ఇక్కడి పని ఇంకొకరు చూస్తారు."

ఆ ఇంకొకరు బావమరిది. వాడి పేరు చెప్పినప్పుడు వాడు చేతులు కట్టుకుని నేలచూపులు చూశాడు. కాదనలేదు.

స్టోరంటే మెంబ్రేన్ల గది పక్కన రేకుల షెడ్డు. ఒక గోడకి యాసిడ్ పొడి బస్తాలు, ఎదురు గోడకి కాస్టిక్ సోడా బస్తాలు, మధ్యలో ఒక బల్ల. స్లిప్పు తెచ్చినవాడికి బస్తా ఇవ్వడం, స్లిప్పు మేకుకి గుచ్చడం. ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషిని గుమ్మం అవతల కూర్చోబెడితే పని పోయినట్టూ కాదు, ఉన్నట్టూ కాదు. ఎవరికైనా చెప్పుకుందామంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

పంపు చప్పుడు గోడలోంచి వినబడుతూనే ఉంది. ప్రెషరు గేజి చూడకుండానే ఆయనకి లెక్క తెలిసేది. మొదటిరోజు పది. రెండోరోజు పదకొండు మీద చిల్లర. ఎక్కడా ఆగలేదు. పడుకోబెట్టడం ఎత్తేశారు. ఊరికి నీళ్ళు ఎక్కువే వెళ్ళాయి, మేనేజరు దిగివచ్చి ఇంచార్జి భుజం తట్టి వెళ్ళాడు. మూడోరోజు పంపు గొంతు సన్నబడింది, గేజి పన్నెండున్నర. అయిదోరోజుకి పద్నాలుగు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ముక్కాయన వింటున్నాడు. ఆయనకి దిగులుగానూ ఉంది, లోపలెక్కడో కులాసాగానూ ఉంది.

అయిదోరోజు మధ్యాహ్నం వాష్ ట్యాంకు పక్క గోడకి ఇంచార్జి ఒక కాగితం అంటించాడు. ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితం, అంకెలు వేసి రాసిన వరస. మర్నాడు మెంబ్రేన్లు కడగాలి. ముక్కాయన చేతులు కడుక్కునే నెపంతో గుమ్మం దాకా వెళ్ళి చదివాడు. ముందు యాసిడ్. తర్వాత కాస్టిక్.

రెండోసారి చదివాడు. అంతే ఉంది.

ఆయనకి నిమిషంలో అర్థమైపోయింది. ఇది బోరునీళ్ళ ప్లాంటులో రాసుకున్న వరస. అక్కడ పొరకి పట్టేది సున్నం, ముందు యాసిడ్ పోస్తే కరిగిపోతుంది. ఇక్కడ పట్టింది పాచి. పాచి మీద యాసిడ్ పోస్తే కరగదు సరికదా బిగుసుకుపోతుంది. తర్వాత ఎంత కాస్టిక్ పోసినా లోపలికి దిగదు. ఇంచార్జి దొంగపని చెయ్యలేదు. తనకి తెలిసిన చోట తెలిసిన పనే రాశాడు. నీళ్ళు వేరని మాత్రం అతనికి తట్టలేదు. ముక్కాయన చేతులు తుడుచుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఆ సాయంత్రం బావమరిది ఇంటికొచ్చాడు. అక్క టీ ఇచ్చింది. వాడు కుర్చీ అంచున కూర్చుని చాలాసేపు అదీ ఇదీ మాట్లాడాడు. అక్క పొయ్యి దగ్గర్నుంచే మీ బావ స్టోరుకెళ్ళినప్పట్నుంచి ఇంట్లో ఉప్పు, పప్పు కూడా స్లిప్పు మీదే ఇస్తున్నాడని నవ్వించబోయింది. వాడు నవ్వాడు. ముక్కాయన నవ్వలేదు.

"పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా తెలీదు ఈయనకి. ఆ ముక్కుకి మురుక్కాలవే వాసనొస్తుంది కాబోలు," అంది ఆవిడ.

వాడు టీగ్లాసు కింద పెట్టాడు. మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకున్నాడు. రేపు కడుగుతున్నామనీ, తను ఎప్పుడూ పక్కన నిలబడి వాల్వులు తిప్పడమేగానీ సొంతంగా కడగలేదనీ, సంతకం తనదే పెట్టమన్నారనీ చెప్పాడు. మూడు నెలల్లో పర్మనెంటు చేస్తామన్నారట. ఇది చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు.

"బావా, ఏది ముందు? నువ్వు కాస్టిక్ ముందు పోసేవాడివి కదా. కాగితంలో యాసిడ్ ముందుంది."

ఒక్క మాట చాలు. కాస్టిక్ అంటే చాలు. మిగతాది వాడికి తెలుసు. కానీ ముక్కాయన కళ్ళముందు ఆ పెదవి కొన ఉంది, నవ్విన పెదవి కొన. కాదనకుండా కట్టుకున్న చేతులున్నాయి. పైగా ఆయన లెక్క ఒకటి ఉంది. కాగితం ఇంచార్జిది. పాడైతే కాగితం రాసినవాడి మెడకే చుట్టుకుంటుంది. అప్పుడు మేనేజరే వచ్చి పిలుస్తాడు.

"కాగితంలో ఎలా ఉందో అలా చెయ్యి," అన్నాడు.

వాడు ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ముక్కుతో నడిపే రోజులు పోయాయన్నారుగా. కాగితంలో ఉన్నట్టే చెయ్యి."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. వాడు లేచి సరే బావా అన్నాడు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున్నే వాడే స్లిప్పు తెచ్చాడు. యాసిడ్ నాలుగు బస్తాలు. ముక్కాయన లేచి ఒక్కొక్కటే ఎత్తి వాడి భుజాన పెట్టాడు. నాలుగోది పెట్టాక వాడు కదల్లేదు. బస్తా భుజాన ఉంది, మెడ పక్కకి వంగి ఉంది, ఒక కన్నే కనబడుతోంది. ఇంకేమైనా కావాలా అని ముక్కాయన అడిగాడు. వద్దని చెప్పి వాడు వెళ్ళాడు.

ట్యాంకులో పొడి కలిసింది. పంపు వేశారు. ముక్కాయన బల్ల దగ్గర కూర్చున్నాడుగానీ చెవులు గది లోపలే ఉన్నాయి. కడిగేటప్పుడు మొట్టమొదట వెనక్కి వచ్చే నీళ్ళే అసలు సంగతి చెబుతాయి. పాచి కదిలితే అవి టీ రంగులో వస్తాయి, కుళ్ళిన ఆకు వాసన వేస్తాయి. ఆ మొదటి నీళ్ళు కాలవలోకి వదిలెయ్యాలి, లేకపోతే ఆ మురికే మళ్ళీ పొరల మీదకి పోతుంది. కాలవ స్టోరు వెనకనుంచే పారుతుంది. ముక్కాయన వెళ్ళి చూశాడు. నీళ్ళు తేటగా వచ్చాయి. వంగి వాసన చూశాడు. పుల్లటి మందు వాసన తప్ప ఇంకేం లేదు. ఏదీ కదల్లేదు. ఉన్నది ఉన్నచోటే గట్టిపడుతోంది.

లోపల ఇంచార్జి ఆ తేటనీళ్ళు చూసి, ఎంత శుభ్రంగా ఉన్నాయో చూశారా అంటున్నాడు. మెంబ్రేన్లలో పెద్ద మురికేం లేదని తేల్చాడు. బావమరిది స్టోరు వైపు చూశాడు.

ముక్కాయన లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. అప్పటికింకా గంట కాలేదు. ఇప్పుడాపి, యాసిడ్ వదిలేసి, మంచినీళ్ళతో కడిగి, గోరువెచ్చటి కాస్టిక్ పోస్తే సగానికి సగం దక్కుతుంది. ఒక కాలు గడప లోపల పెట్టాడు.

మీకేమైనా కావాలా అని ఇంచార్జి అడిగాడు.

"లేదండి," అని ముక్కాయన ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. వచ్చి, లెక్కపెట్టిన బస్తాలే మళ్ళీ లెక్కపెట్టాడు.

ఆ మధ్యాహ్నం యాసిడ్‌లో నానబెట్టారు, సాయంత్రం కాస్టిక్ తిప్పారు. మర్నాడు పొద్దున్న పంపు వేస్తే గేజి పదిహేడుకి పోయింది, అవతలి నుంచి వచ్చే మంచినీరు సగం కూడా లేదు. ఇంకొంచెం నెడితే గొట్టాల మూతలు ఊడిపోతాయని ఆపేశారు. ఊళ్ళో సగం కుళాయిలు ఎండిపోయాయి. రెండోరోజుకి ప్లాంటు గేటు ముందు బిందెలు, బకెట్లు పట్టుకుని జనం. ఒకావిడ తన బకెట్ లోపలికి చూపించి, అందులో ఏముందో చెప్పమని గేటు కాపలావాణ్ణి అడిగింది. ఏమీ లేదు. ఏమీ లేదని వాడు చెప్పేదాకా కదల్లేదు.

మూడోరోజు మేనేజరు అందర్నీ వాష్ ట్యాంకు దగ్గరికి రమ్మన్నాడు. స్టోరు మనిషిని కూడా రమ్మన్నాడు. ముక్కాయన వెళ్ళి అందరి వెనక నిలబడి గోడ వైపు చూశాడు. కాగితం అక్కడే ఉంది. అదే కొలత, అదే ప్లాస్టిక్ తొడుగు. నాలుగు మూలలా అంటించిన టేపు మాత్రం కొత్తది, ఇంకా దుమ్ము పట్టలేదు. ముందు కాస్టిక్. తర్వాత యాసిడ్.

మేనేజరు కాగితం పక్కన లాగ్‌బుక్ పెట్టి చూశాడు. కాగితంలో ఒకటుంటే నువ్వొకటి చేశావేమని బావమరిదిని అడిగాడు. వాడు కాగితాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. మొన్న ఇందులో యాసిడ్డే ముందుందండి అన్నాడు. ఇంచార్జి గొంతు పెంచకుండా అలాంటిదేమీ లేదన్నాడు. అలా అంటున్నప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఇంకెవరైనా చూశారా అని మేనేజరు అడిగాడు. ఆపరేటర్లు చెప్పుల వైపు చూసుకున్నారు. పర్మనెంటు కానివాళ్ళు నలుగురు, పిల్లలున్నవాళ్ళు అయిదుగురు. మేనేజరు వెనక్కి తిరిగి ముక్కాయనని అడిగాడు.

"మీరు పాతవారు. మీకేమైనా తెలుసా?"

అక్కడ చెప్పాల్సింది చిన్నదే. చూశానండి, యాసిడ్డే ముందుంది. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. చూసినవాడివి, తప్పని తెలిసినవాడివి, ఎందుకూరుకున్నావు? ముక్కాయనకి ఆ రెండో ప్రశ్నే మొదట వినబడింది.

"నన్ను ఆ గదిలోకి వెళ్ళొద్దన్నారండి," అన్నాడు.

అబద్ధం కాదు. అక్షరం కూడా అబద్ధం కాదు. ఇంచార్జి ఒక్కసారి తలెత్తి ఆయన్ని చూసి, దించేసుకున్నాడు.

మేనేజరు బావమరిది వైపు తిరిగి, ఇంట్లో ఇంత తెలిసిన మనిషి ఉండగా మీ బావనైనా అడగలేకపోయావా అన్నాడు. విసుగ్గా అన్న మాటే, జవాబు కోసం అడిగింది కాదు. వాడు మాత్రం జవాబు చెప్పాలన్నట్టు ముక్కాయన ముఖంలోకి చూశాడు. కోపంగా కాదు. ముక్కాయన పంపు వైపు చూస్తున్నాడు. పంపు ఆగి ఉంది. చూడ్డానికక్కడేమీ లేదు.

"అడగలేదండి," అన్నాడు వాడు.

ఆ మధ్యాహ్నమే వాడిని రావద్దన్నారు. ఆ మధ్యాహ్నమే ముక్కాయనని గదిలోకి రమ్మన్నారు.

అక్కణ్ణుంచి రెండు రోజులు ఆయన ఆ గది వదల్లేదు. కాస్టిక్ నీళ్ళు గోరువెచ్చగా కాచి, మోచెయ్యి ట్యాంకు గోడకి ఆనించి వేడి చూశాడు. ఎక్కువ వేడైతే పొర పోతుంది, తక్కువైతే పాచి వదలదు. పంపు మెల్లగా వేసి నింపాడు. ఆపి గంట నానబెట్టాడు. వదిలి మళ్ళీ నింపాడు. అలా అయిదుసార్లు ఏమీ రాలేదు. ఆరోసారి నీళ్ళకి కాస్త మసక రంగు వచ్చింది. తొమ్మిదోసారికి టీ రంగు దిగింది, వాసన గుప్పుమంది. ఆపరేటర్లు ముక్కులు మూసుకున్నారు. ఒకడు మెచ్చుకోలుగా, మీ ముక్కు మాకెవరికీ వద్దు మామా అన్నాడు. నవ్వారు. మొదటి నీళ్ళు వదిలేసి, కొత్త మందు కలిపి, చివర్లో పల్చగా యాసిడ్ తిప్పి, మంచినీళ్ళతో కడిగి పంపు వేస్తే గేజి పన్నెండు దగ్గర నిలబడింది. పది కాదు. ఇక ఎప్పటికీ పది రాదు. కానీ ఊరికి నీళ్ళు పోయాయి.

ఇంచార్జి రెండు రోజులూ పక్కనే ఉండి అన్నీ రాసుకున్నాడు. ఇప్పుడు మాటమాటకీ గారు అంటున్నాడు. పడుకోబెట్టడం మళ్ళీ మొదలుపెడదామని తనే అన్నాడు. అందరూ టీకి వెళ్ళాక దగ్గరికొచ్చి, మా పాత ప్లాంటులో యాసిడ్డే ముందండి, నాకు నిజంగా తెలీదు అన్నాడు. ముక్కాయన విని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం అతనికి ధైర్యమిచ్చింది. ఆయనకి తెలిసిందేమిటో అతను అడగలేదు, అతను చేసిందేమిటో ఆయన అడగలేదు. ఆ గదిలో ఇద్దరికీ చోటు కుదిరింది.

ఇంట్లో భార్య ఒక్కసారే అడిగింది. వాడు నిన్నడిగినప్పటికే ఆ కాగితం నువ్వు చదివావా అని. చదివానన్నాడు. ఆవిడ ఏరుతున్న పప్పు ఏరుతూనే ఉంది. అప్పట్నుంచి అన్నం వడ్డిస్తోంది, బట్టలు ఉతుకుతోంది. ముక్కు మీద జోకులు వెయ్యడం మానేసింది.

వారం తర్వాత ముక్కాయన బావమరిది ఇంటికెళ్ళాడు. వాడి భార్య తలుపు తీసి, రా అన్నయ్యా అని కుర్చీ వేసింది. వాడు గుమ్మంలో కూర్చుని మోచేతులకి నూనె రాసుకుంటున్నాడు. ఊరవతల నీళ్ళ డబ్బాలు నింపే చోట పనికి కుదిరాడట, రోజంతా డబ్బాలు ఎత్తడమేనట. ఈ సంగతి వాడి భార్య చెప్పింది. చెప్పి నీళ్ళగ్లాసు ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

ముక్కాయన గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. అదంతా పోయింది.

"అడిగానని ఎందుకు చెప్పలేదురా?"

వాడు నూనెసీసా మూత బిగించాడు. "నువ్వు చెప్తావేమోనని చూశాను బావా. నీకోసమేం కాదు. చూద్దామనిపించింది."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. రేపే వెళ్ళి మేనేజరుతో చెప్తాను, కాగితం మార్చడం, నువ్వడగడం, నేనన్నది, అన్నీ చెప్తాను అన్నాడు ముక్కాయన. గబగబా అన్నాడు.

వాడు తల అడ్డంగా ఊపాడు. "నా చోట్లో వేరేవాణ్ణి పెట్టేశారు. ఇప్పుడు నువ్వు చెప్తే నాకు పని రాదు. నీకు కాస్త తేలికవుతుంది, అంతే."

"మరేం చెయ్యమంటావురా నన్ను?"

"ఏం చెయ్యొద్దు. నేనడిగినప్పుడు చెప్పలేదుగా. ఇప్పుడు నేనడగటంలేదు."

వాడి గొంతులో కసి లేదు. కసి ఉంటే ముక్కాయన దాన్ని పట్టుకుని ఏదో ఒకటి అనగలిగేవాడు. అన్నం తిని వెళ్ళమని వాడు మామూలుగానే అన్నాడు. లోపల వాడి భార్య కంచాలు తీస్తున్న చప్పుడైంది. ఆ ఇంట్లో ఇద్దరికీ సరిపడా రెండే తీసింది. ముక్కాయన పనుందని చెప్పి లేచాడు.

మర్నాడు షిఫ్టుకి ముందే మేనేజరు గది ముందు నిలబడ్డాడు. వాడు వద్దన్నా సరే చెప్పేద్దామని వచ్చాడు. మాటలు నోట్లో వరసగా ఉన్నాయి. మేనేజరు తాళం తీస్తూ ఏమిటండీ పొద్దున్నే అని పలకరించాడు. బాగా పలకరించాడు. ఈ ఇరవై రెండేళ్ళలో ఎవరూ ఆయన్ని అంత బాగా పలకరించలేదు.

"ప్రెషరు ఇంకో అర తగ్గిందండి," అన్నాడు ముక్కాయన.

చాలా సంతోషమన్నాడు మేనేజరు. ముక్కాయన మెట్లు దిగాడు. బావమరిది వద్దన్నాడు కాబట్టే చెప్పలేదు అనుకున్నాడు. సగం మెట్లు దిగేదాకా ఆ మాట నిలబడింది. కింద గదిలో పంపు పదకొండున్నర మీద ఒకే గొంతుతో తిరుగుతోంది. గడియారం చూసుకుని ఆపి, మంచినీళ్ళు వదిలి, మెంబ్రేన్లని పడుకోబెట్టాడు. ఆ పావుగంటా గదిలో ఏ చప్పుడూ లేదు. ఆయన నిలబడే ఉన్నాడు.